పెద్ద ఆపరేషనే కావాలి

బేకరీ మాస్టరు మీద నర్సుకి మొదటి రోజే అనుమానం వచ్చింది.

సర్జన్ గదిలో అతను చొక్కా పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు తలుపులోంచి పక్కకి తిరిగి దూరేంత లావు మనిషట. పట్టుబట్టి సగానికి సగం తగ్గాడు. కొవ్వు కరిగింది గానీ చర్మం కరగలేదు. పొట్ట కింద ఖాళీ సంచిలా వేలాడుతోంది. మడతల్లో చెమటకి ఒరుసుకుని పుళ్లు పడ్డాయి.

"రెండు దార్లున్నాయి," అన్నాడు సర్జన్. "వేలాడే చర్మం ఒక్కటే తీసేయడం ఒకటి. మీ పుళ్లకి అది చాలు. తొందరగా లేచి తిరుగుతారు. రెండోది పెద్దది. చర్మం తీసి, లోపల వదులైన కండరాలు బిగించి కుట్టి, బొడ్డు మళ్లీ కొత్తగా అమర్చాలి. నొప్పి ఎక్కువ. కొన్నాళ్లు నడుం వంచే నడవాలి. బరువులెత్తకూడదు. పక్కన మనిషి ఉండి తీరాలి."

"ఉండి తీరాలా?"

"తప్పదు."

"అయితే పెద్దదే చేసేయండి."

సర్జన్ నవ్వాడు. నర్సు నవ్వలేదు. ఎక్కువ రోజులు మంచాన పడే ఆపరేషన్‌ని ఏరికోరి అడిగినవాణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పైగా పెళ్లయినవాడు, ఒంటరిగా వచ్చాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తమ్ముడే కనిపెట్టుకుని ఉన్నాడు. భార్య ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

ఇంటికి పంపాక కట్టు మార్చే పని నర్సుకే పడింది. బేకరీ మీదే వాళ్ల ఇల్లు. మెట్లెక్కుతుంటే కాలిన బ్రెడ్డు వాసన వెంట వచ్చింది.

తలుపు తీసింది అతని భార్య. సున్నం కొట్టినట్టు పాలిపోయిన మొహం. మనిషి మాత్రం ఒక్కచోట నిలవడం లేదు. పొట్టకి బెల్టు బిగించేది ఆవిడే, కుట్ల పక్కనుంచి పెట్టిన గొట్టం చివరి బుడ్డిలో చేరిన నీరు పారబోసేది ఆవిడే, మోకాళ్ల కింద దిండ్లు సర్దేదీ ఆవిడే. మాస్టరు మాత్రం కొడవలిలా వంగి, "అమ్మో... అబ్బో..." అంటూ మూలుగుతున్నాడు.

నర్సు కట్టు విప్పి చూసింది. కుట్లు చక్కగా అతుక్కుంటున్నాయి. ఇంత మూలుగు దేనికి? జలుబు చేస్తే వీలునామా ఊసెత్తే మొగుడు ఆమె ఇంట్లోనూ ఉన్నాడు. మగవాళ్ల మూలుగుల్లో అసలేదో నకిలీదేదో ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఏమేవ్, ఆయింట్‌మెంట్ అయిపోయింది. మెడికల్ షాపు దాకా వెళ్లొస్తావా?" అన్నాడు మాస్టరు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నర్సు దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. "షాపు ఎటువైపండీ?"

"ఈ వీధికి కొత్తా అమ్మా?"

"లేదండీ. పెళ్లయినప్పట్నుంచీ ఇక్కడే."

నర్సు ఆవిణ్ని ఎగాదిగా చూసి దారి చెప్పింది. ఆవిడ మెట్లు దిగాక దూది కోసం సొరుగు లాగింది. సొరుగులో అదే ఆయింట్‌మెంట్, మూత తీయని ట్యూబులు వరసగా ఉన్నాయి. మాస్టరు చటుక్కున చెయ్యి చాచి సొరుగు మూసేశాడు. ఆ ఊపులో మూలగడం మర్చిపోయాడు.

అప్పట్నుంచి నర్సు కళ్లు డేగ కళ్లయ్యాయి.

రోజుకో వంక. ఒకరోజు వీధి చివర్నుంచి నిమ్మకాయలు. ఇంకోరోజు వంతెన అవతల చెప్పులు కుట్టించాలి. ఒకటి తెస్తే ఇంకోటి, మొదటిదానికన్నా దూరం. ఆవిడ చెమటలు కక్కుతూ తిరిగొచ్చేది. "దొరికాయా?" అని మాత్రం అడిగేవాడు మాస్టరు.

ఒకసారి చేతులు కడుక్కోవడానికి వెళ్తూ నర్సు వెనక గదిలోకి చూసింది. ఒంటరి మంచం. పక్కన నీళ్ల కూజా, కంచం. కిటికీకి మేకులు కొట్టి బిగించిన దుప్పటి. వెలుగు చొరబడే సందు లేదు.

"ఈ గది ఎవరిదమ్మా?"

"నాదే," అని ఆవిడ తలుపు దగ్గరికి లాగేసింది.

నర్సుకి అంతా అర్థమైపోయింది. ఇన్నాళ్లూ కట్టుకున్నదాన్ని ఆ చీకట్లో మగ్గబెట్టాడు. ఇప్పుడు మంచమెక్కి గానుగెద్దులా తిప్పుతున్నాడు.

ఆ వారం మిగిలిన కుట్లు కూడా తీసేసింది. "ఇంక నిటారుగా నడవచ్చు," అంది.

"ఎక్కడ సిస్టర్! పొట్ట లాగేస్తోంది," అని మాస్టరు ఇంకాస్త వంగాడు. భార్య వైపు తిరిగి, "మార్కెట్‌కి నువ్వే వెళ్లాలి మరి," అన్నాడు.

ఆవిడ సంచీ తీసుకుని బయల్దేరింది. వెనకే నర్సు కూడా దిగింది. సగం మెట్లమీద గుర్తొచ్చింది, బీపీ మిషను పైనే మర్చిపోయింది. గబగబా వెనక్కొచ్చి తలుపు తోసింది.

మాస్టరు కిటికీ దగ్గర ఉన్నాడు. స్తంభంలా నిటారుగా. మునివేళ్ల మీద లేచి, పరదా పక్కనుంచి వీధిలోకి తొంగి చూస్తున్నాడు.

"ఆహా! లాగేస్తున్న పొట్ట ఇదేనా?"

మాస్టరు ఉలిక్కిపడి, అలవాటుకొద్దీ మళ్లీ వంగాడు.

"చాల్లెండి నాటకం! సొరుగులో ట్యూబులు చూశాను, ఆ వెనక గదీ చూశాను. కట్టుకున్నదాన్ని ఖైదీలా పెట్టారు. ఇప్పుడు బయటికి పంపి పైనుంచి కాపలానా? పోలీసులకి చెప్తాను!"

"మెల్లగా సిస్టర్. కిందకి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి! ఆవిడకీ తెలియాలిగా మీ బాగోతం!"

మాస్టరు వీధిలోంచి చూపు తిప్పలేదు. కింద ఆవిడ కూరగాయల బండి దగ్గర ఆగి బేరమాడుతోంది. బండివాడేదో అన్నాడు. ఆవిడ నవ్వింది.

"ఏడేళ్లుగా ఆ గదిలో తనే లోపల గడియ పెట్టుకుని, ఏ డాక్టరు చెప్పినా మెట్టు దిగని మనిషి సిస్టర్ అది, నేను మంచాన పడితేనైనా బయటికొస్తుందేమోనని ఈ పొట్ట కోయించుకున్నాను."