పాత ఇసుక

"గాజుపెట్టెలో సముద్రమా!" అని నూకాలు పకపకా నవ్వేసింది.

గురునాథరావుకి ఒళ్లు మండింది. పోర్టు క్వార్టర్లలో ఆయన తొట్టి చూసి నవ్వినవాళ్లు ఇంతవరకూ లేరు. రెండడుగుల గాజుతొట్టి. ఉప్పునీళ్లు, పగడపు రాళ్లు, నారింజరంగు మీద తెల్లచారల చేపలు. పక్కన గుర్రుమంటూ గాలి కొట్టే మోటారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఒక్కో చేప పేరూ ఇంగ్లీషులో చెప్పేవాడు. తొమ్మిదేళ్లుగా తన జీపు నడుపుతున్న తాతబాబుని మాత్రం "ఒరే" అనే పిలిచేవాడు.

తొట్టి అడుగున ఇసుక నల్లబడింది. కదిపితే బుడగలు, కుళ్లిన కోడిగుడ్డు కంపు. అప్పటికే రెండు చేపలు వెల్లకిలా తేలాయి. ఇసుకంతా ఒక్కసారే మారిస్తే మిగతావీ చస్తాయనీ, వారానికి పావువంతు చొప్పున మార్చమనీ ఆయన తెప్పించుకున్న పుస్తకంలో ఉంది. ఆ కంపులో ఎవరు చెయ్యి పెట్టాలో పుస్తకంలో లేదు. అందుకని తాతబాబు, చేపలమ్మే నూకాల్ని పట్టుకొచ్చాడు.

"నవ్వింది చాలు. చేస్తావా, చెయ్యవా?"

"నాను సెయ్యను బాబూ. అంత సముద్రం అక్కడుంటే, బిందెల్తో తెచ్చి పెట్టెలో పోసుకోడం ఏటి, అది కుళ్లిందని మళ్లీ కడుక్కోడం ఏటి? నా గంపలో సేపలు ఎండిపోతన్నాయి."

గంప ఎత్తుకుని బయల్దేరింది. తాతబాబు వరండాలో అడ్డంపడ్డాడు.

"సేసీ అప్పా, నా మాట పోద్ది. ఆ ఇసక కూడా నాను తెచ్చిందే. మీ పాత పేట ఒడ్డుదే. తల ఇరిగిపోయిన మొండితాడి ఉండీది గుర్తుందా? దాని మొదట్లోనే తోడినాను, కొత్తరేవు తవ్వకముందు."

నూకాలు ఆగింది.

ఆ ఒడ్డు ఇప్పుడు లేదు. ఆ తాడిచెట్టూ లేదు. అక్కడ ఓడలు నిలబడుతున్నాయి.

గంప దించి లోపలికొచ్చింది. "సేత్తాను బాబూ. కూలొద్దు. పాత ఇసకంతా నాకిచ్చెయ్యండి."

గురునాథరావు భార్యవైపు తిరిగి నవ్వాడు. "చూశావా గౌరీ! ఊరికే వస్తుందంటే కుళ్లుని కూడా వదలరు వీళ్లు."

గౌరీశ్వరి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "తొట్టిలో చెయ్యి పెట్టేముందు సబ్బుతో కడుక్కోమనండి. చేపలకి ఏమన్నా అంటుకుంటే?" అంది.

నాలుగు ఆదివారాలు వచ్చింది నూకాలు. ఇసుక తోడుకోడానికి రేకుడబ్బా ఇస్తే పక్కన పెట్టేసింది. మోచేతుల దాకా ముంచి, గుప్పెడు గుప్పెడుగా తీసి గుడ్డసంచిలో వేసుకునేది. "డబ్బాతో తోడవే, పొద్దుగూకుతుంది" అని గౌరీశ్వరి కసిరినా వినేది కాదు. సాయం వస్తానన్న తాతబాబునీ రానివ్వలేదు. పని అయ్యాక చేతులు కడిగిన నీళ్లు కూడా సంచిలోనే ఒంపుకునేది. భీమిలి నుంచి తెచ్చిన కొత్త ఇసుకని మాత్రం చాటలోంచి బడబడా దులిపేసేది.

"పిచ్చిది" అన్నాడు గురునాథరావు.

"పిచ్చిదేం కాదు" అంది గౌరీశ్వరి, నాలుగో ఆదివారం. "కిందటేడు పోయిన నా ముక్కుపుడక ఇందులోనే పడి ఉంటుంది. వంగి చేపల్ని చూస్తూంటే జారిపోయి ఉంటుంది. అది దీని కంటబడింది. లేకపోతే కూలి వద్దనే కూలిది ఎక్కడైనా ఉంటుందా?"

గురునాథరావు ముఖం తెలివితో వెలిగిపోయింది. పెరట్లో కుళాయి పక్కన దాచుకున్న మూడు సంచులూ, చేతిలో ఉన్న నాలుగోదీ ముందు పెట్టించాడు.

"కుమ్మరించు."

"కుమ్మరించకూడదు బాబూ."

"పోలీసుల్ని పిలవమన్నావా?"

నూకాలు తనతో తెచ్చుకున్న ఉతికిన చీర ఒకటి నేలమీద పరిచి, దానిమీద మెల్లగా పోసింది.

"తొక్కకండి బాబూ."

"తొక్కితే అరిగిపోతుందా?" అని గురునాథరావు చెప్పుకాలితోనే కెలికాడు.

నూకాలు రెండు చేతులా ఆ కాలు పట్టుకుని పక్కకి జరిపింది.

"కాళ్లు పట్టుకుంటోందంటే దొంగే!" అంది గౌరీశ్వరి.

తనే జల్లెడ పట్టింది నూకాలు. ఇసుకలో ముక్కుపుడక దొరికింది. చేప పొలుసు తీసి పారేసినట్టు దాన్ని తీసి, కనీసం చూడనైనా చూడకుండా గౌరీశ్వరి చేతిలో పెట్టింది. మళ్లీ ఇసుక పోగుచేసుకోవడంలో పడింది.

దొంగ దొరకనందుకు గౌరీశ్వరికి కాస్త నిరాశే అయింది.

"అయితే మరి ఈ కుళ్లు ఇసుక నీకెందుకే?"

"మా పిల్ల కోసం అమ్మా."

"పిల్లా? ఎన్నేళ్లు?"

"మూడు."

గౌరీశ్వరి ఆమె తలవైపు చూసింది. ఫక్కున నవ్వింది. "విన్నారా! తల ముగ్గుబుట్ట అయింది, మూడేళ్ల పిల్లట! సిగ్గుండక్కర్లా?"

గురునాథరావు కూడా నవ్వాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం కలిసి నవ్వి చాలా రోజులైంది.

నూకాలు చీర నాలుగు చెంగులూ కలిపి ముడివేసింది. ఎంత బరువైనా గంప నెత్తినే మోసే మనిషి, ఆ మూటని మాత్రం చంకకెత్తుకుంది. గేటు దాకా వెళ్లి, గడియ తీస్తూ వెనక్కి తిరిగింది.

"పూడ్సినప్పటికి మూడేళ్లేనమ్మా, ఆ మొండితాడి కిందే."