మైకు అన్నయ్య

కంపెనీ వాటాదారుల ఓటింగులో మళ్లీ చైర్మనే గెలిచాడని వేదిక మీంచి ప్రకటించారు. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్న మైకు తల ఎత్తలేకపోయాడు.

మైకు అతని అసలు పేరు కాదు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో మోటార్లకు తీగ చుట్టే రోజుల్లో, యంత్రాల రొదలో కూడా అతని గొంతు గేటు దాకా వినబడేది. అలా అంటుకున్న పేరు, రిటైరైనా వదల్లేదు.

రిటైరైన వాళ్లందరికీ ఆ కంపెనీలో షేర్లున్నాయి. జీవితమంతా కూడబెట్టింది అందులోనే ఉంది. వాటి విలువేమో ఏటికేడాది కరిగిపోతోంది. చైర్మన్ పాత షెడ్ల స్థలాన్ని సొంత బావమరిదికి కారుచౌకగా కట్టబెట్టాడు. అడగబోతే కసిరి పంపాడు. ఇంతలో బయటి కంపెనీ ఒకటి రంగంలోకి దిగింది. మావైపు ఓటేయండి, ఇతన్ని దించేస్తాం అంది.

అప్పుడు ముందుకొచ్చింది మైకే. కాలనీ మధ్యలో బల్ల ఎక్కి చైర్మన్‌ని చీల్చి చెండాడాడు.

"మన చెమటతో మేడ కట్టాడు! మనం చుట్టిన ఫ్యాను కింద పడుకుని, మనకే ఊపిరాడకుండా చేస్తున్నాడు!"

జనం ఈలలు వేశారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సమావేశానికి రాలేనివాళ్లంతా, మా ఓట్లు కూడా నువ్వే వెయ్యి అంటూ సంతకాలు పెట్టి అతని చేతికిచ్చారు.

ఆ కాగితాలు గడువులోగా కంపెనీ ఆఫీసుకు చేరాలి. చేరలేదు. దారిలో స్కూటరు మొరాయించిందనీ, తను వెళ్లేసరికి తలుపులు మూసేశారనీ మైకు చెప్పాడు. అవి ఉండుంటే బయటివాళ్లు గట్టెక్కేవాళ్లే.

"ఒక్క పని అప్పజెబితే మొత్తం గంగలో కలిపాడు" అన్నాడు ముందు వరసలో ఒకాయన, అందరికీ వినబడేలా.

"నోరు పారేసుకోకండి!"

లేచి నిలబడింది మైకు స్నేహితుడి భార్య. ఇద్దరు మగవాళ్లూ పక్కపక్కనే పాతికేళ్లు తీగ చుట్టారు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఆ షేర్లే.

"మనలో ఒక్కరైనా నోరు విప్పారా? విప్పింది ఆ ఒక్క మనిషే. బండి చెడితే ఆయనేం చేస్తాడు?"

 ఆమె వచ్చి మైకు పక్కన కూర్చుని, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

"తాగు అన్నయ్యా. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు."

"నా మొహం చూడకు చెల్లెమ్మా."

"ఎందుకు చూడకూడదు? మా ఆయనే ఉంటే నిన్ను భుజాన ఎత్తుకునేవాడు."

మైకు సీసా ఎత్తాడు. నీళ్లు చొక్కా మీద ఒలికాయి. ఆమె తన చెంగుతో తుడవబోతే, కాలినట్టు వెనక్కి జరిగాడు.

"వచ్చే ఏడాది మళ్లీ నిలబడదాం. నువ్వే ముందుండాలి. మాకింకెవరున్నారు?"

"నేను పనికిరాను. ఇంకెవర్నయినా చూసుకోండమ్మా."

"ఊరుకో అన్నయ్యా. ఇంతలా సిగ్గుపడాల్సిన పని నువ్వేం చేశావని?"

మైకు సీసా ఆమె చేతిలో పెట్టేసి లేచాడు. ముందు గుమ్మం దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు అతన్ని ఓదార్చడానికి ఎదురొస్తున్నారు. మైకు వెనక్కి తిరిగి, వంటగది పక్క తలుపులోంచి సందులోకి దిగాడు. సన్నగా వాన పడుతోంది. తడుస్తూనే సందు చివరిదాకా నడిచాడు. అక్కడ నల్లటి అద్దాల కారు ఒకటి ఆగి ఉంది. డ్రైవరు దిగి తలుపు తీశాడు.

వెనక సీట్లో ఉన్న చైర్మన్ కాస్త పక్కకు జరిగి చోటిస్తూ, "రావయ్యా మైకూ, నేను రాసిచ్చిన తిట్ల కంటే నువ్వు సొంతంగా కలిపినవే జనానికి బాగా ఎక్కాయట" అన్నాడు.