బ్రేకుల పాట

“కుదరదంటే కుదరదు! నేనున్న థియేటర్లో ఆ పాట మోగదు.”

మోచేతుల దాకా సబ్బు నురగతో సింకు ముందు నిలబడి అరిచాడు చిన్న డాక్టరు. అద్దాల తలుపుకి అవతల, ఆపరేషన్ బల్ల మీద పేషెంటు పడుకుని ఉన్నారు. గాల్ బ్లాడర్‌కి చీము పట్టింది. ఇంకా ఆలస్యం చేస్తే లోపలే పగిలిపోవచ్చు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, పేషెంటు తప్ప.

“పాట పెడితేగాని మాస్కు దగ్గరికి రానివ్వరట బాబూ,” అంది పెద్ద నర్సు. “మత్తు డాక్టరమ్మ చెయ్యి తోసేశారు. బీపీ చూస్తే చుక్కలంటుతోంది.”

“వీణ సీడీ పెట్టు. ఇక్కడ అదొక్కటేగా పెట్టొచ్చని రూలు!”

“అదీ అడిగాను. వీణ వింటే ఇంకా భయమేస్తోందట.”

“ఏ పాట కావాలన్నారో ఇంకోసారి చెప్పు.”

పెద్ద నర్సు నవ్వాపుకుంది. “బ్రేకుల పాట.”

ఆ పాట తెలియనివాళ్ళు లేరు, తెలుసని ఒప్పుకునేవాళ్ళూ లేరు. ఎప్పటిదో పాత పాప్ ఆల్బమ్‌లోది. తళతళలాడే చొక్కా వేసుకున్న కుర్రాడు చక్రాల బూట్లతో ప్రియురాలి వీధిలోకి జారుకుంటూ వచ్చి, “బ్రేకుల్లేవే బుజ్జీ, నన్నాపవే” అని మొత్తుకుంటాడు. మధ్యలో టైర్లు కీచుమన్నట్టు ఒక కేక. పాడినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. కానీ ఒకసారి చెవిలో పడిందా, వారం రోజులు వదలదు.

ఆ పాట వల్లే చిన్న డాక్టరు పరువు గంగలో కలిసింది. రెండేళ్ళ కిందట ఇదే థియేటర్లో, ఒక హెర్నియా కేసుకి కుట్లు వేస్తూ, తనకు తెలియకుండానే ఆ పల్లవి కూనిరాగం తీశాడు. ఎదురుగా ఉన్న పెద్ద డాక్టరు కత్తెర కింద పెట్టేశారు.

“ఇది థియేటరా, సర్కసా? ఇలాంటి చెత్త వినే చెవులకి స్టెతస్కోపు కూడానా? బయటికి నడు!”

అందరి ముందూ అన్నారు. మిగతా కుట్లు ఆయనే వేశారు. మర్నాడు గోడ మీద నోటీసు వెలిసింది: వీణ తప్ప మరే పాటా వినిపించరాదు. ఆ రోజు నుంచి వార్డు దగ్గర్నుంచి క్యాంటీన్ దాకా అతని పేరు బ్రేకుల డాక్టరు. ఇప్పటికీ పాడుకోబుద్ధయితే ఇంట్లో స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పుకుని, భార్యకి వినపడకుండా పాడుకుంటాడు.

“నేను కూనిరాగం తీస్తే మెడపట్టి గెంటినంత పని చేశారు. ఇవాళ అదే పాట కోరి మరీ వింటారట! న్యాయమేనా అక్కా?”

“ఇవాళ పెద్ద డాక్టరు గారు కత్తి పట్టడం లేదుగా బాబూ. నిన్నెవరు గెంటుతారు?”

“గెంటకపోతే రూలు పోయినట్టేనా? నోటీసు గోడ మీదే ఉంది. పోయి చదివి వినిపించు ఆ పేషెంటుకి!”

“బల్ల మీద పడుకున్నవాళ్ళకి నోటీసులు చదువుతామా?”

“ఎందుకు చదవకూడదు? అక్షరం పొల్లుపోకుండా చదువు! పేషెంటయితే మాత్రం కొమ్ములు మొలుస్తాయా?”

పెద్ద నర్సు ముఖంలో నవ్వు పోయింది. “ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. నీ కడుపుమంట నాకు తెలుసు. కానీ లోపల ఆ చీము నీ కోపం చల్లారేదాకా ఆగదు బాబూ.”

చిన్న డాక్టరు చేతులు కుళాయి కింద పెట్టాడు. నురగంతా పోయినా తియ్యలేదు. పళ్ళు నూరాడు.

“సరే, పెట్టు. కానీ నీ ఫోన్లో గుసగుసగా కాదు. స్పీకర్లో పెట్టు. కారిడార్ దాకా మోగిపోవాలి!”

మోగిపోయింది. చక్రాల బూట్ల కుర్రాడు థియేటర్లోకి జారుకుంటూ వచ్చాడు. మత్తు డాక్టరమ్మ బిత్తరపోయి చూసింది. మానిటర్ మీద అంకెలు ఒక్కొక్కటే దిగడం మొదలెట్టాయి. ఆకుపచ్చ దుప్పటి కింద పేషెంటు కాలి బొటనవేలు తాళం వేస్తోంది. టైర్ల కేక దగ్గర పెదవులు కూడా కదిలాయి.

అది చూసేసరికి చిన్న డాక్టరుకి మళ్ళీ ఒళ్ళు మండింది. బల్ల మీదికి వంగాడు.

“ఈ చెత్త అంత ఇష్టమా మీకు?”

“కాలేజీ రోజుల్నించీ,” అన్నారు పేషెంటు కళ్ళు తెరవకుండానే. “కార్లో అద్దాలు ఎత్తుకుని వింటాను. నలుగురిలో ఒప్పుకుంటే పరువు పోదూ?”

“ఇంకొకళ్ళ పరువు పోతే మాత్రం ఫర్లేదా?”

పాట రెండో చరణంలో పడింది. పేషెంటు మాస్కు కోసం తనే చెయ్యి చాపారు.

“కాస్త గొంతు తగ్గించి అడగవయ్యా. అందరూ వింటున్నారు.”

“వినాలనే అడిగాను, పెద్ద డాక్టరు గారూ!”