గాలి ఆడని గది

“పోయిందంటారేంటి? ముఖం చూడండి, ఎంత ఎర్రగా కళకళలాడుతోందో!” తల్లి డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

డాక్టరు నిస్సహాయంగా ఆమె అల్లుడి వైపు చూశాడు. అతను కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. పొద్దున బాత్రూము తలుపు పగలగొట్టి భార్యను బయటికి మోసుకొచ్చింది అతనే.

“ఆ ఎరుపే విషం అత్తయ్యా. గ్యాస్ గీజరు సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రక్తం ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, ఒంటికి అందించి వదిలేస్తుంది. దీన్ని మాత్రం అంత తేలిగ్గా వదలదు. ఆ బంధం రెండు వందల రెట్లు గట్టిది. ఇక ఆక్సిజన్‌కి చోటుండదు.”

క్లాసులో చెప్పినట్టే చెబుతున్నాడు. ఆపితే ఏడుపొస్తుందని అతనికి తెలుసు.

“ఎందుకు సరిగ్గా మండలేదు?”

“గాలి ఆడక...”

తల్లి చెయ్యి జారిపోయింది.

“కిటికీకి అట్ట అడ్డం పెట్టింది నేనే. నిన్న. దానికి చలిగాలి కొడుతోందని.”

ఆ అట్టను అతను పొద్దునే చూశాడు. భార్యే పెట్టుకుందనుకున్నాడు.

“కిటికీ వల్ల కాదత్తయ్యా,” అన్నాడు. “పొగ బయటికి పోయే గొట్టం పగిలింది. మార్పించమని తను వారం నుంచి మొత్తుకుంటోంది. ఇవాళా రేపూ అంటూ నేనే బద్ధకించాను.”

ఆమె లాగి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది.

“చంపేశావు కదరా నా బిడ్డని!”

అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆపబోయిన డాక్టరును కళ్ళతోనే వద్దన్నాడు.

ఆ గొట్టం కొత్తది వేయించి నెల కూడా కాలేదు.