వరసలు బంద్

"మీ పేటలో బొమ్మ ఎలా ఉన్నా ఈల వేస్తారట, నిజమేనాండీ?" మైకులోకి వంగి అడిగాడు తేజస్.

"మీ నందిగామలో బొమ్మ బాగున్నా వెయ్యరట కదండీ. మీ వాటా కూడా మేమే వేసేస్తున్నాం," అన్నాడు క్రాంతికుమార్.

అమూల్య పగలబడి నవ్వింది. తేజస్‌కి ఒళ్లు మండింది. న్యాయంగా ఆ నవ్వు తన జోకులకి రావాల్సింది.

నందిగామలో, మేడ మీది గదిలో, చప్పుడు రాకుండా గోడలకి పాత బొంతలు కట్టి ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్ 'ఇంటర్వెల్ పునుగులు'. శనివారం సాయంత్రం లైవ్. కొత్త సినిమాల మీదా, హీరోల అభిమానుల మీదా సరదా కబుర్లు, మధ్యలో పాటలు. అందులో 'వరసలు బంద్' అని ఒక ఆట. తెర మీద హీరోని కూడా అన్నా, బావా అనకుండా ఉండలేని జాతి మనది కనుక, షో నడుస్తున్నంతసేపూ ఎవరూ ఎవరినీ వరసపెట్టి పిలవకూడదు. నోరు జారితే పాట పాడాలి. వారం వారం "అన్నయ్యా" అని జారేదీ, పాడేదీ అమూల్యే. మాటలు తేజస్‌వే అయినా జనం వినేది ఆమె నవ్వు కోసమేనని అతనికి బాగా తెలుసు. ఆమె వెళ్లిపోతే షో మూసుకోవాల్సిందే.

క్రాంతికుమార్ జగ్గయ్యపేటలో 'పేట మసాలా' నడుపుతాడు. పెద్ద షో. ఆడ యాంకర్ కావాలని ఈమధ్యే ప్రకటించాడు కూడా. అలాంటి పోటీవాణ్ణి అతిథిగా పిలుద్దామన్నది ఎవరు? అమూల్యే!

అసలు అనుమానం పోయినవారమే మొదలైంది. స్నేహితురాలు అక్షయ ఇంటికని పేట వెళ్లిన పిల్ల వేదాద్రి గుడి ప్రసాదంతో తిరిగొచ్చింది. "అక్షయ వాళ్లు వెళ్తుంటే నేనూ వెళ్లా," అంది. ఇవాళ క్రాంతికుమార్ వస్తూనే నాన్న జగన్నాథరావు చేతిలో పెట్టిందీ వేదాద్రి ప్రసాదమే. "పోయినవారం వెళ్లామండి," అన్నాడు. వెళ్లామట! ఎవరెవరు?

పైగా ఆ చున్నీ ఒకటి. ఫ్యాను కూడా ఆపేసిన గదిలో అమూల్య మెడ చుట్టూ చున్నీ చుట్టుకుని కూర్చుంది. అడిగితే గొంతు నొప్పట. గొంతు నొప్పి మనిషి అలా పగలబడి నవ్వుతుందా? కొత్త షో కోసం గొంతు జాగ్రత్త చేసుకుంటోంది, అంతే.

క్రాంతికుమార్ మాత్రం తక్కువవాడా? సొంత షోలో మాటకి ముందో అన్నా, వెనకో అన్నా అనేవాడు, ఇక్కడ "తేజస్ గారూ" తప్ప ఇంకో మాట రానివ్వడంలేదు. తేజస్ ఎన్ని విధాల రెచ్చగొట్టినా జారలేదు. ఆ జాగ్రత్త చూసేకొద్దీ తేజస్‌కి గుబులు పెరిగింది.

పాట పెట్టి, మైకులు ఆపేశాడు.

"సూటిగా చెప్పవయ్యా. మా అమూల్యని తీసుకుపోదామనేగా వచ్చావ్?"

క్రాంతికుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అవునండి."

"మాటలయ్యాయా?"

"సంతకాలు కూడా అయ్యాయండి."

తేజస్ చెల్లెలి వైపు తిరిగాడు. "నాకొక్క మాట చెప్పకుండానా?"

"చెప్తే ఒప్పుకునేవాడివా? పేట వాళ్ల పేరెత్తితేనే గయ్యిమంటావు." అమూల్య చున్నీ సర్దుకుంది. "తనేం బలవంతపెట్టలా. ముందు అడిగింది నేనే."

"మరి మన షో?"

"శనివారం శనివారం వస్తా. మానేస్తానని ఎవరన్నారు?"

"నాన్నకి తెలుసా?"

"నీకు చెప్పకుండా ఆయనకెలా చెప్తా? నా విషయంలో నాన్నదెప్పుడూ ఒకటే మాటగా, అన్నయ్య సరే అంటే సరేనని."

పాట చివరికొస్తోంది. తేజస్‌కి ఏడుపొచ్చినంత పనైంది. చిన్నప్పుడు దువ్వెన మైకులా పట్టుకుని తను వాగుతుంటే ఎదురుగా కూర్చుని నవ్వింది ఈ పిల్లే. పేటలో అయితే ఆ నవ్వు ఇంకా ఎంతమందికి వినపడుతుందో! తన అక్కసు కొద్దీ ఈ బొంతల మధ్య కట్టిపడెయ్యడం ఏం న్యాయం? ముఖం తుడుచుకుని మైకులు ఆన్ చేశాడు.

"వింటున్నవాళ్లందరికీ బ్రేకింగ్ న్యూస్! మా అమూల్యని పేట వాళ్లు ఎగరేసుకుపోతున్నారు. సంతకాలు కూడా అయిపోయాయి, నాకే ఆలస్యంగా తెలిసింది. ముందు కోపమొచ్చింది. ఇప్పుడు లేదు. మనస్ఫూర్తిగా పంపిస్తున్నా. క్రాంతి గారూ, మా పిల్ల ఇంక మీ మనిషి. బాగా చూసుకోండి. శనివారాలు మాత్రం మాకే!"

క్రాంతికుమార్ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అమూల్య కళ్లనిండా నీళ్లు. ఈ మాత్రం దానికి ఇద్దరూ అంత కదిలిపోవడమేమిటో తేజస్‌కి అర్థంకాలేదు. తన మాటల మహిమే అయి ఉంటుందని లోలోపల మురిసిపోయాడు.

కింద హాల్లో ఫోనులో వింటున్న జగన్నాథరావు కామెంటు తెర మీద కనిపించింది. 'వాడు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకున్నట్టే.'

"అన్నయ్యా, ఈ ముక్క తర్వాత కట్ చెయ్యకూడదు, ఒట్టు!" అంది అమూల్య.

"జారావ్! పాడు," అన్నాడు తేజస్.

అమూల్య అప్పగింతల పాట అందుకుంది. సమయానికి భలే దొరికిందని తేజస్ పడీపడీ నవ్వాడు. దాంతో షో ముగిసింది. మైకులు కట్టేసి, అతిథిని మెట్ల దాకా సాగనంపాడు.

"ఆట అయిపోయిందయ్యా. ఇప్పుడన్నా నోరారా ఒక్కసారి అన్నా అని పిలువు."

"ఇంక మిమ్మల్ని అలా పిలవకూడదండి."

"అదేం?"

అమూల్య వచ్చి క్రాంతికుమార్ పక్కన నిలబడి, మెడకి చుట్టిన చున్నీ వదులు చేసుకుంటోంది. అతను వంగి తేజస్ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"వెళ్లొస్తాం, బావా."