ఉత్త చేతుల మేడం

ఆటో దిగిన కొత్త మేడం చేతిలో సంచి లేదు.

సత్యవ్వ ముందుగా చూసింది అదే.

ప్రతి వారం వచ్చే శ్రీలత మేడం అయితే బొమ్మలు, రంగురంగుల కార్డులు, గిలక్కాయలు సంచి నిండా మోసుకొచ్చేది. ఆమె కొడుక్కి పొద్దున్నే జ్వరం తగిలిందట. అప్పటికప్పుడు ఈ స్వరూపను కోరుట్లలో బస్సెక్కించి పంపారట. ఏ పిల్లకు ఏం రాదో ఆమెకు చెప్పేవాళ్ళు కూడా లేరు.

మాటలు ఆలస్యమైన పిల్లలకు మాటలు నేర్పే చోటు అది, సిరిసిల్లలో. సత్యవ్వ తంగళ్ళపల్లి నుంచి మనుమడు మణిదీప్‌ను తీసుకొస్తుంది. వాడికి ఆరో ఏడు నడుస్తున్నా గొంతు పెగలలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టర్లు చెప్పారు. వాడికి ఏం కావాలో ఇంట్లో అందరికీ తెలుస్తుంది, బయటివాళ్ళకే తెలియదు. వాడలో మాత్రం మూగోడన్న పేరు పడిపోయింది.

ఈసారి కూడా మాట రాకపోతే జగిత్యాల అవతల ఏదో హాస్టలు బడిలో వేద్దామని కొడుకు ఆనంద్ ఖాయం చేసుకున్నాడు. ఆ సంగతి విన్నప్పటి నుంచి సత్యవ్వకు ముద్ద దిగడం లేదు.

అలాంటి రోజున ఉత్త చేతుల మేడం వస్తే కడుపు మండదా?

సత్యవ్వ ఎదుటి గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పిల్ల తల్లి వైపు చూసి పెదాలు కదిపింది. ఇద్దరివీ సాంచాల ఇళ్ళే. సాంచాలంటే మరమగ్గాలు; వాటి మోతలో గొంతు చించుకున్నా పక్కవాళ్ళకు వినపడదు. అందుకే సాంచాల మధ్య బతికేవాళ్ళు గొంతు తీయకుండా నోరు కదిపే మాట్లాడుకుంటారు. పనీ ఆగదు, ముచ్చటా ఆగదు. బయటివాళ్ళకు అంతుపట్టదు గనుక వాళ్ళ ఎదురుగానే కూర్చుని వాళ్ళను తిట్టుకోవచ్చు.

"సంచి లేదు, సామాను లేదు. గీమె ఏం నేర్పుతది?" అన్నాయి సత్యవ్వ పెదాలు.

స్వరూప అటే చూస్తోంది.

"గుమ్మం కాడ గన్ని చెప్పులున్నయి గదవ్వా" అంది, ఒక్కో మాటా నెమ్మదిగా తూచినట్టు పలుకుతూ.

సత్యవ్వ నోరు టక్కున మూతపడింది.

ఈమె ఎవరో సాంచాల ఇంటి ఆడబిడ్డే. లేకపోతే ఆ మాట ఎలా దొరుకుతుంది? సగం కోపం అక్కడే చల్లారింది.

స్వరూప చెప్పులన్నీ తెచ్చి గది మధ్యలో కుప్ప పోసింది. ఒక్కొక్కటే ఎత్తి, ఇదెవరిదని అడిగింది. నాది అన్నవాళ్ళకే చెప్పు. పిల్లలు ఆమె చుట్టూ మూగారు. నోరు తెరవడానికి బతిమాలించుకునే పిల్ల కూడా తన చెప్పు ఎక్కడ పోతుందోనని ముందుకొచ్చి అడిగింది. ఒక గడుగ్గాయి తనది కాని దాన్నీ నాదేనన్నాడు. తల్లులు నవ్వారు.

మణిదీప్ వంతు వచ్చింది. వాడు నోరు కదిపాడు. గొంతు రాలేదు.

శ్రీలత మేడం అయితే ఇక్కడ ఒక నిట్టూర్పు విడిచి ఇంకో కార్డు తీసేది. స్వరూప మాత్రం వాడి మెడనూ, పక్కనున్న తల్లుల మొహాలనూ ఓసారి చూసి, వాడి చెప్పు వాడికి వెంటనే ఇచ్చేసింది.

"వీడు మాట్లాడుతున్నడు అవ్వా. గొంతు తీస్తలేడు గంతే. మీ ఇంట్ల వానికి దాని అవసరం పడలే."

నిజమే. పుట్టినప్పటి నుంచి వాడు చూసింది పెదాలు కదిపే మనుషులనే. వాడు నోరు కదపగానే ఇంటిల్లిపాదీ అందుకుని కావలసింది చేతిలో పెట్టేవారు. గొంతు లేదన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు.

రెండో చెప్పు ఇంకా స్వరూప దగ్గరే ఉంది. వాడి అరచేతిని తన గొంతుకు ఆనించుకుని "నాది" అంది. తర్వాత తన వేళ్ళు వాడి గొంతు మీద ఉంచి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

వాడు నోరు కదిపాడు. ఆమె కళ్ళు తెరవలేదు.

మళ్ళీ కదిపాడు. తెరవలేదు.

వాడు అవ్వ వైపు చూశాడు. ఆ చెప్పు లాక్కుని పిల్లవాడికి ఇచ్చేద్దామని సత్యవ్వ ప్రాణం కొట్టుకుంది. కొంగు పిడికిట్లో బిగించి కూర్చుండిపోయింది.

వాడికి రోషం పొడుచుకొచ్చింది. నేల మీద కాలు తన్నాడు.

"నాది."

వసారాలో ఉన్న ఆయా బాలవ్వ పరుగెత్తుకొచ్చింది. స్వరూప కళ్ళు తెరిచి, రెండో చెప్పు వాడి చేతికిచ్చింది.

సత్యవ్వ కాలు ఇక నేల మీద ఆగలేదు. కొడుక్కి ఫోన్ కలిపించి మనుమడితో మళ్ళీ ఆ మాట అనిపించింది. అవతల ఆనంద్ సాంచాలన్నీ బంద్ చేసి మరీ విన్నాడు. ఏడుస్తూ ఇంకోసారి అనమన్నాడు.

"హాస్టలు ముచ్చట మళ్ళ ఎత్తితే జూడు" అని సత్యవ్వ ఫోన్ పెట్టించింది.

ఆ తర్వాత ఆమెను పట్టేవాళ్ళు లేరు. సాంచాల ఇంటి బిడ్డ కాబట్టే తన మనుమడి గుట్టు పట్టుకుందనీ, బయటివాళ్ళ తరం కాదనీ గదిలో అందరికీ చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ ఆమె తల కాస్త పైకి లేచింది.

ఇంతలో స్వరూప గేటు దాటింది. సత్యవ్వ వెనకాలే ఉరికి, వీధంతా తిరిగి చూసేలా పేరు పెట్టి పిలిచింది. బిడ్డా అంది, ఆగమంది. స్వరూప తిరిగి చూడలేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

సత్యవ్వ మొహం చిన్నబోయింది. మనోళ్ళ బిడ్డకే ఇంత మిడిసిపాటైతే ఇక పరాయివాళ్ళను ఏమనాలని బాలవ్వ దగ్గర వాపోయింది.

బాలవ్వ ఆమెను చేయి పట్టి మెట్టు మీద కూర్చోబెట్టింది.

"ఆమెది సాంచాల ఇల్లు గాదు సత్యవ్వా, కోరుట్ల దిక్కు పొలాల యెవుసం చేసేటోళ్ళ బిడ్డ. చిన్నగున్నప్పుడు జరమొచ్చిందట, గప్పటి సంది ఆమెకు చెవులు అసలే ఇనవడవు."