ఇద్దరిలో ఒకరు దిగాలి

“‘ఇద్దరిలో ఒకరు దిగాలి’ అంది ఎలుగుబంటి. అంతే, అక్కడ ఆగిపోయింది ఆ గొంతు” అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

చుట్టూ చేరిన పిల్లలు ఇంకాస్త ముందుకి జరిగారు.

“తర్వాత?”

“తర్వాత లేదు. ఈ పుస్తకానికి చివరి పేజీ లేదు.”

గంట కొట్టారు. పిల్లలు ఉసూరుమంటూ లేచారు.

హైస్కూలు లైబ్రరీలో ఆ వారమంతా ‘మనిషే పుస్తకం’. కొత్త పుస్తకాలు కట్టలు విప్పి బల్లల మీద పేర్చినా ఒక్క పిల్లా అటు తొంగి చూడకపోయేసరికి, ముందు వినడం అలవాటైతే చదవడం అదే వస్తుందని లైబ్రరీ టీచరమ్మ వేసిన ఎత్తు ఇది. రకరకాల పనులు చేసేవాళ్లని పిలిచి తలా ఒక కుర్చీ వేసింది. పుస్తకం తీసుకున్నట్టే మనిషిని తీసుకోవాలి, ఒక పీరియడ్ వినాలి, గంట కొట్టగానే తిరిగిచ్చెయ్యాలి. మంటలార్పే ఆయనా, గడియారాలు బాగుచేసే ఆయనా ఈగలు తోలుకుంటుంటే, డ్రైవరు దగ్గర మాత్రం ఇసకేస్తే రాలని జనం. ‘సైరన్ బాబాయ్’ అని పేరు కూడా పెట్టేశారు.

పాపం, అతను వచ్చింది కథలు చెప్పే సరదాతో కాదు. ఆ గొంతు అతన్ని వదలడం లేదు. నలుగురికీ చెప్పుకుంటే వదులుతుందేమోనని ఆశ.

ఆ రోజు ఒకటే వాన. గుండెనొప్పి మనిషిని ఎక్కించుకున్నాడు. సిబ్బంది తక్కువై వెనక నర్సు కూడా లేదు. “మాట్లాడుతూనే ఉండండి సార్! ఏదైనా సరే!” అని స్టీరింగు దగ్గర్నించి అరిచాడు. ఆ మనిషి తన కూతురికి రోజూ చెప్పే కథ అందుకున్నాడు, సొంతంగా అల్లిందట. చిన్న పడవ, బక్క పడవవాడు, బతిమాలి ఎక్కిన ఎలుగుబంటి. నది మధ్యకి వచ్చేసరికి పడవలోకి నీళ్లు. ఇద్దరిలో ఒకరు దిగాలి, అంది ఎలుగుబంటి. ఇంక మాట లేదు. “సార్! సార్!” అని ఎంత అరిచినా పలుకు లేదు.

ఆసుపత్రి వాకిట్లో స్ట్రెచరు లాక్కుపోయారు. అతను వెంట వెళ్లలేదు, తర్వాతా అడగలేదు. అడగకూడదు. “అప్పగించాక వెనక్కి తిరగకురా. ఏమైందో తెలుసుకున్నావా, రేపు స్టీరింగు మీద చెయ్యి వణుకుతుంది” అని పని నేర్పిన పెద్దాయన మొదట్లోనే చెప్పాడు. ఆ డ్రైవర్లందరిదీ అదే కట్టుబాటు. కానీ నోరు మూసుకున్నా కళ్లు ఊరుకోవు కదా! బండి వెనక్కి తీస్తుంటే అద్దంలో కనబడ్డారు. గోడకి తల బాదుకుంటున్న ఒకావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్న యూనిఫాం పిల్ల. ఇంక అడగడానికి మాత్రం ఏముంది?

అప్పట్నించీ ఖాళీ బండి నడుపుతున్నా వెనక అదే గొంతు. పోరి పోరి బండి మార్పించుకున్నాడు. బండి మారింది గాని గొంతు మారలేదు. ఒకసారి సిగ్నల్ దగ్గర ఉలిక్కిపడి “ఎవరు దిగాలి సార్?” అని పైకే అనేశాడు. పక్క స్కూటరువాడు “నేను మాత్రం కాదు బాబూ” అంటూ ఎర్రలైటులోనే ఉడాయించాడు. ఈ సంగతి చెప్తే భార్య ముందు నవ్వింది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

పిల్లలంతా వెళ్లిపోయినా రెండు జడల పిల్ల ఒకతి కదల్లేదు.

“ఏమ్మా, రోజూ ఈయన్నేనా? అక్కడ కొత్త పుస్తకాలు నీ కోసం ఏడుస్తున్నాయి” అంది టీచరమ్మ.

“ఒక్క అయిదు నిమిషాలు టీచర్, తిరిగిచ్చేస్తాను.”

“చిరగకుండా ఇవ్వు” అని నవ్వుకుంటూ టీచరమ్మ అవతలికి వెళ్లింది.

డ్రైవరుకి నవ్వు రాలేదు. మొదటి రోజు ఈ పిల్ల కథ మధ్యలోనే లేచి బయటికి పరిగెత్తింది. మర్నాడు వచ్చి కన్నార్పకుండా అతన్నే చూస్తూ కూర్చుంది. ఎక్కడో చూసిన ముఖం.

“బాబాయ్, ఎలుగుబంటి టోపీ సంగతి ఎందుకు వదిలేస్తున్నారు?”

టోపీ ఉంది, నిజమే. పిల్లలు నవ్వితే కథ పల్చబడుతుందని దాన్ని దాటేస్తున్నాడు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

“నీకెవరు చెప్పారు?”

“ఎర్ర టోపీ. ఒక్క చెవికే సరిపోతుంది.”

“ఆ రోజు... ఆసుపత్రి వాకిట్లో ఏడ్చిన పిల్లవి నువ్వా తల్లీ?”

ఆ పిల్ల తలూపింది. “అమ్మా, నేనూ.”

డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక మళ్లీ కూర్చున్నాడు. పెద్దవాణ్ణన్న సంగతి కూడా మర్చిపోయి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఏడుపు కూడా తన బండిలోనే తిరుగుతున్నట్టు అనిపించింది.

“ఆ కథ నీదమ్మా. నీకు చేరాల్సిందల్లా నా దగ్గర పడి ఉంది. ఆ ముగింపు నీకు తెలిస్తే చెప్పు, నీకు పుణ్యముంటుంది. ఎవరు దిగారు? అదొక్కటీ తెలిస్తే ఆయన నన్ను వదిలేస్తాడు.”

“నాకూ తెలీదు బాబాయ్.”

“అదేంటి? రోజూ చెప్పే కథన్నారే!”

“రోజూ చెప్పేదే. కానీ సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతలు పడిపోవడం నాన్నకి అలవాటు. ఇంక ఎంత కుదిపినా పలుకుండదు.”

“అయితే ఈ జన్మకి తెలియదన్నమాట” అంటూ డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు.

ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని లేపింది.

“నాన్న గేటు దగ్గరున్నారు, అడుగుదాం రండి.”